మారిత్ చెవి గుర్తు

ఆ ఉదయానికి నా చేతిలో ఉన్నవి ఇవి: సముద్రపు పాయ ఒడ్డున ఒక దుకాణం, దాని వెనకే ఇల్లు, మంచుజింకల మందల్ని కలిసి కాసుకునే జట్టులో అందరూ నాతో బేరమాడేంత మంచిపేరు, నాతో మాట్లాడని భార్య, కూడు ముట్టని బావ. మొదటి మూడూ నేను సంపాదించుకున్నవి. చివరి రెండూ ముందురోజు దొడ్డి దగ్గర నుంచి ఇంటికి వచ్చాయి.

నీల్లస్ బావ వంటింటి కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. ముందురోజు సాయంత్రం ఎలా కూర్చున్నాడో అలాగే. బూట్లు కూడా విప్పలేదు. బురద ఎండి నేల మీద పొడిపొడిగా రాలింది.

"కాఫీ చల్లారిపోయింది. మళ్ళీ పెట్టనా?" అన్నాను.

"పెట్టు," అన్నాడు.

అంతకుముందు కూడా పెట్టమనే అన్నాడు. అదీ అలాగే చల్లారింది. మా వైపు కాఫీలో వేసుకునే జున్నుముక్కలు కప్పు అడుగున గట్టిపడిపోయాయి.

నా భార్య రావ్నా గుమ్మం దగ్గర తన సంచీ సర్దుకుంటోంది. ఈ ఒడ్డున పశువుల డాక్టరు తనొక్కతే. కానీ శీతాకాలంలో పొరుగు లోయవాళ్ళ కుక్కలకి విషం పెట్టిందెవరో చచ్చిన కుక్క నోరు తెరిచి చూసి పట్టుకున్నప్పటి నుంచి, పశువులకి సంబంధం లేని కష్టాలు కూడా మా గుమ్మానికి రావడం మొదలైంది. ఈసారి కష్టం బయటి నుంచి రాలేదు. మా బల్ల దగ్గరే కూర్చుని ఉంది.

"అన్నయ్యా, ఒక్క మాట చెప్పు," అంది రావ్నా. "మాహ్తె మామ నీ జింకపిల్లల్ని దొంగిలించాడని నువ్వు నమ్ముతున్నావా?"

"ఇస్సాత్ అన్నాడుగా."

"ఇస్సాత్ అన్నది నేనూ విన్నాను. నువ్వేమంటావ్?"

నీల్లస్ కిటికీలోంచి చూశాడు. పాయ మీద సన్నటి వాన పడుతోంది. అవతలి ఒడ్డు కనబడటం లేదు.

"వాన తగ్గేలా లేదు," అన్నాడు.

"నేను వాన గురించి అడగలేదు."

"తెలుసు."

ఆ అన్నాచెల్లెళ్ళ మధ్య కూర్చోవడం కన్నా దుకాణంలో తాళ్ళు చుట్టుకోవడం నయం. కానీ కదల్లేకపోయాను. ఇది అటో ఇటో తేలకపోతే నష్టం అందరికన్నా ముందు నా ఇంటికే అని అప్పటికే తెలుస్తోంది.

జరిగింది చిన్నదే. ఏటా వేసవిలో జింకపిల్లల చెవుల్లో గుర్తులు కొయ్యడానికి జట్టంతా మందని దొడ్డిలోకి తోలుతుంది. ఏ పిల్ల ఏ తల్లి వెంట పరిగెడుతుందో చూస్తారు. తల్లి ఎవరిదైతే పిల్ల చెవిలో వాళ్ళ గుర్తు కోస్తారు. ఈసారి నీల్లస్ తల్లిజింకల వెంట పరిగెత్తిన పిల్లల్లో కొన్నింటి చెవులు అప్పటికే కోసి ఉన్నాయి. కుడి చెవి కొన తెగి ఉంది. ఎడమ చెవి వెనక అంచున రెండు గాట్లు. అది మాహ్తె మనవరాలు ఆన్నె గుర్తు. ఆ పాప పేరిట ఈ వసంతంలోనే ఆ గుర్తు రాయించారు.

దొడ్డి మధ్యలో ఇస్సాత్ ఒక పిల్లని ఎత్తి పట్టుకుని అందరికీ చూపించాడు. అతను జట్టు పెద్ద. గొంతు పెంచలేదు.

"తల్లి నీల్లస్‌ది. చెవి మాహ్తె మనవరాలిది. రేపు సాయంత్రం ఇక్కడే కూర్చుందాం," అన్నాడు.

అంత మాట చాలు. జట్టు వద్దంటే మాహ్తె కుటుంబానికి శీతాకాలం మేపుకి చోటుండదు. పీఠభూమి మీద ఒంటరిగా మంద కాసేవాడు ఎంతోకాలం మందతో ఉండడు. మాహ్తె కొడుకు పై ఊళ్ళో ఆసుపత్రిలో నడుం పట్టీతో పడుకుని ఉన్నాడు. పని చెయ్యగల మనిషి అంటూ ఆ ఇంట్లో కోడలు ఒక్కతే.

ఆ గుర్తు గురించి ఇంకో సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. ఆన్నెకి రాకముందు అది మారిత్‌ది. మారిత్ నీల్లస్ కూతురు. పదకొండో ఏట వసంతపు మంచు విరిగి చెరువులో పోయింది. పోయిన వాళ్ళ గుర్తుని కొన్నేళ్ళు ఆపి ఉంచి, ఆ తర్వాత అడిగిన వాళ్ళకి ఇస్తారు. ఇంటివాళ్ళ ఒప్పుదల తీసుకోవడం మర్యాద.

తలుపు తట్టిన చప్పుడైంది.

మా వైపు తలుపు తట్టి ఎవరూ రారు. తెరుచుకుని లోపలికి వచ్చి పొయ్యి పక్కన కూర్చుంటారు, మాట ఆ తర్వాత. రావ్నా నా వైపు చూసింది. నేను వెళ్ళి తీశాను. మాహ్తె నిలబడి ఉన్నాడు, టోపీ చేతిలో పట్టుకుని. వెనక అతని కోడలు రీస్తెన్.

"ఇదేంటి మామా, ఎప్పట్నుంచి తలుపు కొట్టి వస్తున్నావ్?" అన్నాను.

"దొంగన్నాక కొట్టే రావాలి కదా," అన్నాడు.

లోపలికి వచ్చాడు గానీ కూర్చోలేదు. నీల్లస్‌ని చూశాడు. నీల్లస్ బల్ల వైపు చూశాడు.

"నీల్లస్, మనిద్దరం ఒకే మంట దగ్గర ముసలాళ్ళమయ్యాం," అన్నాడు మాహ్తె. "నేను చేశానని నువ్వంటే చాలు. ఇస్సాత్ దాకా అక్కర్లేదు. నా గుడారం నేనే విప్పుకుని పోతాను. అను."

నీల్లస్ పలకలేదు.

"పోనీ చెయ్యలేదని అను."

దానికీ పలకలేదు.

"ఏదో ఒకటి అనరా."

కెటిల్ మూత కదులుతోంది. నేను పొయ్యి మీంచి దించాను. ఆ చప్పుడు కూడా పోయింది.

రీస్తెన్ సరిహద్దు ఏటికి అవతల దేశంలోంచి వచ్చిన పిల్ల. మా మౌనాలు ఆమెకి ఇంకా అలవాటు కాలేదు.

"నోరు మూసుకు కూర్చుంటే పెద్దమనిషి తరహా అనుకుంటారు మీరంతా," అంది. "మా ఏటికి అవతల దాన్ని పిరికితనం అంటారు."

"రీస్తెన్," అన్నాడు మామగారు.

"ఏం, తప్పా? నా మొగుడు మంచం మీద ఉన్నాడు. మే నెలంతా నేను పీఠభూమి మీద చంటిదాన్ని వీపున కట్టుకుని మంచు మీద స్లెడ్జి బండి లాగాను. ఈయన జింకపిల్లల చెవులు కొయ్యడానికి ఎప్పుడొచ్చాను, ఎగిరొచ్చానా?"

"నేను వెళ్ళి చూస్తాను," అంది రావ్నా.

"నువ్వా? నీ అన్న జింకలు. నీకేం కనబడాలో ముందే తెలుసు కదా డాక్టరమ్మా."

"చూడకముందు నాకేమీ తెలియదు." రావ్నా బూట్లు వేసుకుంటోంది. "అస్లాక్, తాడు తీసుకో. పట్టుకోవడానికి మనిషి కావాలి."

ముందురోజు నుంచి తను నాతో అన్న మొదటి మాట అదే. ఎందుకు మాట్లాడటం లేదో నాకు తెలుసు. దొడ్డి దగ్గర నుంచి వస్తూ, మనం ఎవరి వైపూ ఉండొద్దు, ఇద్దరూ మన దుకాణానికి వచ్చేవాళ్ళే అన్నాను. అది తప్పు మాట కాదు. తప్పు సమయంలో అన్న మాట.

మేం బయల్దేరుతుంటే నీల్లస్ లేచాడు. తన నాలుగు చక్రాల బండి స్టార్ట్ చేసి, మాకన్నా ముందే వాన్లోకి వెళ్ళిపోయాడు. కాఫీ మళ్ళీ అలాగే ఉండిపోయింది.

*

దొడ్డిలో మంద గుండ్రంగా తిరుగుతోంది. వానకి వెంట్రుకలు తడిసి, గిట్టల చప్పుడు తప్ప ఏమీ వినబడదు. చుట్టూ ఎవరూ లేరు. సాయంత్రం కూర్చోబోయే చోట ఎవరో ముందుగానే కట్టెలు పేర్చి, తడవకుండా పట్టా కప్పారు.

నేను తాడు విసిరి ఒక పిల్లని పట్టాను. రావ్నా మోకాళ్ళ మీద కూర్చుని దాని చెవి వేళ్ళతో తడిమింది. కోసిన అంచు మీద సన్నటి వెంట్రుకలు అప్పటికే మొలిచాయి.

"పుట్టిన కొత్తలోనే కోశారు. తల్లులు ఈనే చోటే," అంది.

"అంటే మేలో. రీస్తెన్ అప్పుడు ఇక్కడ లేనంటోంది."

"లేనంటే ఎవరు నమ్ముతారు? ఆమె ఎక్కడుందో చూసినవాళ్ళు లేరు." చెవి వదిలింది. "ఇది చాలదు."

ఇంకో రెండు పిల్లల్ని పట్టాను. మూడింటి కథా ఒకటే. ఆమె లేచి నిలబడి, కళ్ళమీద పడుతున్న వాన తుడుచుకుంటూ మంద వైపు చాలాసేపు చూసింది. ఏం వెతుకుతోందో నాకు తెలియలేదు.

"ఆ బూడిద రంగు ఆడదాన్ని పట్టు."

"అది పెద్దది కదా. పిల్లల సంగతి కదా మనది."

"చెవి చూడు."

చూశాను. కుడి చెవి కొన లేదు. ఎడమ చెవిన రెండు గాట్లు.

"మారిత్ పాత జింకలు ఒకటో రెండో ఇంకా బతికే ఉన్నాయి కదా," అన్నాను. "అందరికీ తెలిసిందే."

"పట్టు అస్లాక్."

అది బలంగా గుంజింది. కొమ్ములు పట్టుకుని తల వంచాను. రావ్నా దాని కింది పెదవి దించి పళ్ళు చూసింది. వేలితో ఒక్కొక్కటీ తడిమింది. మళ్ళీ చూసింది.

మారిత్‌కి మొదటి పన్ను వచ్చిన రోజు నాకు గుర్తొచ్చింది. మా వైపు పసిపిల్ల మొదటి పన్నుని ఎవరు ముందు చూస్తే వాళ్ళు ఆ పిల్లకి ఒక ఆడ జింకని ఇవ్వాలి. అందుకని చంటిపిల్లలున్న ఇళ్ళలో లోభులు పిల్లల నోటి వైపు చూడరు. నేను దుకాణం గల్లాపెట్టె వెనక కూర్చుని దాన్ని ఆడిస్తుంటే నవ్వింది, నేను చూశాను. నీల్లస్ అప్పుడు ఎంత నవ్వాడంటే, వ్యాపారి చిక్కాడని ఊరంతా చెప్పాడు. మారిత్ గుర్తు మొదట పడింది నేనిచ్చిన జింక చెవిలోనే.

"దీనికి నాలుగేళ్ళు," అంది రావ్నా.

"తప్పేమో."

"పళ్ళన్నీ మారాయి. అరగడం ఇప్పుడే మొదలైంది. తప్పు కాదు."

తాడు వదిలాను. జింక మందలో కలిసిపోయింది. ఆమె ఇంకోదాన్ని చూపించింది. దానికి ఇంకా కొన్ని పాలపళ్ళున్నాయి, రెండేళ్ళది. ఇంకోటి ఏడాదిది. ఇంకోటి ఆరేళ్ళు దాటింది. ఒక్కొక్కటే పట్టి వదిలాం. ఏ వసంతమూ ఖాళీగా లేదు.

నేను వ్యాపారిని. సరుకు మీద ముద్ర ఎప్పుడు పడిందో తెలిస్తే ఎవరు వేశారో తెలుస్తుంది. మారిత్ పోయి ఎనిమిదేళ్ళు. ఆన్నె పుట్టి ఏడాది దాటింది అంతే. మధ్యలో పుట్టిన జింకల చెవులు చచ్చిపోయిన పిల్ల కొయ్యదు, పుట్టని పిల్ల కొయ్యదు.

ఈనే చోట వసంతమంతా కాపలా ఉండేది ఒక్క మనిషే.

"రావ్నా," అన్నాను.

"మాట్లాడకు."

కంచెకి ఆనుకుని నిలబడింది. నేను పక్కకి వెళ్ళాను.

"ఇక్కడితో ఆపొచ్చు," అన్నాను చివరికి. "పిల్లల చెవులు మేలో కోశారు, ఎవరో తెలియలేదు అని చెప్పు. అది అబద్ధం కాదు."

"అప్పుడు మాహ్తె మామని ఏం చేస్తారు?"

"ఇస్సాత్ కఠినుడు కాదు. ఒక ఏడాది గడువిస్తాడేమో."

"దొంగ పేరుతో ఒక ఏడాది. ఆ పిల్ల చంటిదాన్నేసుకుని, మంచం మీద మొగుడితో." నా వైపు తిరిగింది. "నీకు ఇదొక బేరంలా ఉందా?"

"నీ అన్న ఏమైపోతాడో అని చెబుతున్నాను. చెప్పావనుకో, వాళ్ళు నవ్వరు, తిట్టరు. జాలిపడతారు. ఆ జాలిలో అతను ఒక్క శీతాకాలం కూడా బతకలేడు."

"చెప్పకపోతే మాహ్తె మామ బతుకుతాడా?"

తూకంలో రెండు వైపులా మనుషులుంటే నాకు చూడటం రాదు.

"నాకు వాడు ఒక్కడే అన్న," అంది. గొంతు మామూలుగానే ఉంది. "మందు సంచీ మోసుకుని మొదటిసారి పీఠభూమి మీదికి వెళ్ళినప్పుడు, ఆడపిల్ల పశువుల డాక్టరేంటని ఎవరూ తమ జింకని ముట్టనివ్వలేదు. వాడే తన మందని ఎదురుగా నిలబెట్టాడు. అది కూడా లెక్క వేసుకో."

సంచీ భుజానికి తగిలించుకుని వాగు వైపు నడిచింది. అక్కడ భూర్జ చెట్ల కింద నీల్లస్ బండి ఆగి ఉంది.

*

అతను వాగు ఒడ్డున కూర్చుని కత్తితో ఒక పుల్ల చెక్కుతున్నాడు. దానితో ఏదో చెయ్యాలనేం కాదు. కొన నుంచి మొదలుపెట్టి పూర్తిగా అయిపోయేదాకా చెక్కి, ఇంకోటి తీసుకుంటున్నాడు.

రావ్నా అతని పక్కన కూర్చుంది. నేను కాస్త వెనక ఆగిపోయాను. అయినా మాటలు వినబడుతూనే ఉన్నాయి. వాగు ఇవతల అంత నిశ్శబ్దంగా ఉంది.

"పళ్ళు చూశాను అన్నయ్యా."

"ఊఁ."

"ప్రతి ఏడూ కోశావా?"

"ఒకటో రెండో. బాగున్నవి చూసి." పుల్ల తిప్పాడు. "వాటిని ఎగువ లోయలోనే ఉంచుతాను. దొడ్డికి తేను. ఈసారి పొగమంచులో కుక్కలు వాటిని కూడా కలిపి తోలుకొచ్చేశాయి."

"ఎందుకు?"

"ఎందుకేంటి. ఈ ఏడు దానికి పందొమ్మిది నిండేవి. ఆ వయసుకి నాకు నా సొంత మంద ఉంది. దానికి ఉండొద్దా?"

అతను ఇంకో పుల్ల తీసుకున్నాడు.

"పిచ్చని అనుకుంటావేమో. నాకు తెలుసు అది లేదని. నేనే తీశాను కదా నీళ్ళలోంచి. ఆ వసంతం ఒక పిల్ల పుట్టింది, దాని జింకకే. నా గుర్తు కొయ్యబోయాను. చెయ్యి రాలేదు. దానిదే కోశాను. తర్వాతి ఏడు ఆపితే అప్పుడు పోయినట్టు అనిపించింది. ఆపలేదు."

"బీరెత్ వదినకి తెలుసా?"

"బీరెత్‌తో మాట్లాడి చాలాకాలమైంది. విడిపోయాక ఆమె ఊరు ఆమెది."

"మరి గుర్తు వేరేవాళ్ళకి వెళ్ళిందని నీకెవరూ చెప్పలేదా?"

"నిన్న దొడ్డిలో విన్నాను." కత్తి ఆగింది. "'మా ఆన్నె గుర్తు' అని ఆ కోడలుపిల్ల అరిచింది. అప్పుడు తెలిసింది. అక్కడ అంతమంది ఉన్నారు. నేను అక్కడే ఉన్నాను. ఒక్కడికీ నాతో చెప్పాలని తట్టలేదు."

"మా అందరికీ నువ్వే ఒప్పుకున్నావని అనిపించింది. అడిగితే నొచ్చుకుంటావని అడగలేదు."

"అవును. ఎవరూ అడగరు." తల ఊపాడు. "ఎన్ని జింకలున్నాయని అడగరు, ఎలా ఉన్నావని అడగరు. మర్యాదస్తులం."

దోమలు మూగుతున్నాయి. రావ్నా తన చేత్తో అతని మెడ మీద వాలిన వాటిని తోలింది. అతను కదల్లేదు.

"సాయంత్రం నువ్వే చెప్పు అన్నయ్యా. నీ నోటితో. నేను పక్కనే నిలబడతాను."

"నావల్ల కాదు."

"మాహ్తె మామ జట్టు వదిలి పోతాడు."

"తెలుసు. పొద్దున చూశాను కదా వాణ్ణి." చేతిలోని పుల్ల వాగులోకి విసిరాడు. "నోరు తెరిచాను చెల్లీ. అక్కడ, మీ వంటింట్లో. మాట రాలేదు. చెబితే అవి దానివి కాకుండా పోతాయి. ఆన్నెవి అయిపోతాయి."

"చెప్పకపోయినా ఆన్నెవే."

అతను ఆమె వైపు తిరిగాడు. ఆ రోజు మొదటిసారి ఎవరి మొహమైనా సూటిగా చూశాడు.

"అయితే నువ్వు చెబుతావు," అన్నాడు.

"నువ్వు చెప్పకపోతే చెబుతాను."

"సరే."

కత్తి ఒరలో పెట్టుకుని లేచి బండి వైపు వెళ్ళాడు. సరే అన్నది ఒప్పుకోవడమా, తెగతెంపులా అని నేను రావ్నాని అడగలేదు. ఆమెకీ తెలియదని మొహమే చెబుతోంది.

*

సాయంత్రానికి వాన వెలిసింది. కట్టెలు అంటించారు. జట్టువాళ్ళు మంట చుట్టూ చేరారు. మాంసం ఉడుకుతోంది కానీ ఎవరూ గిన్నె అందుకోలేదు. మాహ్తె ఒక పక్క తన కోడలితో కూర్చున్నాడు. వాళ్ళ రెండు వైపులా ఖాళీ వదిలారు. ఆన్నె రీస్తెన్ ఒళ్ళో కూర్చుని ఎండు మాంసం ముక్క నములుతోంది.

నీల్లస్ వచ్చాడు. మంట దగ్గరికి రాలేదు. కంచె మీద చేతులు వేసి మంద వైపు మొహం పెట్టి నిలబడ్డాడు.

ఇస్సాత్ గొంతు సవరించుకున్నాడు.

"నేను పిల్లల్ని చూశాను. అందరూ చూశారు. మాహ్తె, చెప్పేదేమైనా ఉందా?"

"నా మనవరాలి గుర్తు వాటికి ఎలా వచ్చిందో నాకు తెలియదు. అదొక్కటే ఉంది."

"అది చాలదు."

"చాలదని తెలుసు."

"నాకు చెప్పేది ఉంది," అంది రావ్నా.

లేచి నిలబడింది. కంచె వైపు చూసింది. నీల్లస్ వీపు అలాగే ఉంది. ఆమె ఆగింది. ఆ ఆగడంలో అతనికి ఎంత చోటిచ్చిందో నాకు తెలుసు. అతను తిరగలేదు.

"ఇస్సాత్, ఆ బూడిద రంగు దాని పళ్ళు చూడు. దాని పక్కనున్న తెల్లమూతి దానివి కూడా. చెవులు ముందు చూసి, తర్వాత పళ్ళు చూడు."

ఇస్సాత్ లేచి వెళ్ళాడు. ఇద్దరు అతనికి పట్టి ఇచ్చారు. మేమంతా చూస్తూ కూర్చున్నాం. అతను మొదటిదాని నోరు చూశాడు. రెండోదాని నోరు చూశాడు. మూడోదాన్ని తనే వెతికి పట్టుకున్నాడు. తర్వాత జింకని వదిలేసి, చేతులు లాగుకి తుడుచుకుంటూ అక్కడే నిలబడిపోయాడు.

జీవితమంతా జింకలతో గడిపిన మనుషులు. ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. మంట చుట్టూ ఒక్కొక్క తలా వంగింది. ఎవరూ కంచె వైపు చూడలేదు. అంత జాగ్రత్తగా చూడకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

ఇస్సాత్ వచ్చి కూర్చున్నాడు.

"మాహ్తె ఇంటివాళ్ళు కొయ్యలేదు," అన్నాడు. "ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. తినండి."

ఎవరో గిన్నె అందుకున్నారు. అక్కడితో ముగిసేది. మా వైపు అలాగే ముగుస్తాయి.

"ఆగండి," అంది రీస్తెన్. "కొయ్యలేదు, సరే. మరి ఎవరు కోశారు? రెండు రోజులు నన్ను దొంగని చేశారు. ఎవరో నాకు చెప్పండి."

"కోడలా, వదిలెయ్," అన్నాడు మాహ్తె మెల్లగా. అతనికి తెలిసిపోయింది.

"ఎందుకు వదలాలి? అందరికీ తెలిసినట్టుంది, నాకు తప్ప. డాక్టరమ్మా, నువ్వు చెప్పు. చూడకముందు తెలియదన్నావు. ఇప్పుడు చూశావు కదా."

రావ్నా పెదవులు కదిలాయి. మాట రాలేదు. అన్న చేతికి రానిదే చెల్లెలి నోటికీ రాలేదు.

"నేనే," అన్నాడు నీల్లస్.

కంచె దగ్గర నుంచి నడిచి వచ్చాడు. మంట దాటి రీస్తెన్ ఎదురుగా నిలబడ్డాడు. పాప తలెత్తి అతన్ని చూసింది.

"నేనే కోశాను. ఆ గుర్తు నా కూతురిది. మారిత్‌ది." పేరు చెప్పేటప్పుడు కాస్త తడబడ్డాడు, చాలాకాలం వాడని వస్తువు తీసినట్టు. "మీకు వెళ్ళిందని నాకు తెలియదు. నిన్న చెప్పాల్సింది. చెప్పలేదు. మాహ్తె, నిన్ను అలా నిలబెట్టాను."

మాహ్తె టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

రీస్తెన్ మొహం మారిపోయింది.

"నేను అడిగాను," అంది. "ఒట్టు. బీరెత్‌ని ఫోన్‌లో అడిగాను. ఇవ్వమంది. ఆ గుర్తు మళ్ళీ చెవుల మీద చూడాలని ఉందంది. నిన్ను తనే అడుగుతానంది. తర్వాత నువ్వు కూడా ఒప్పుకున్నావని చెప్పింది."

"బీరెత్ చెప్పిందా? నేను ఒప్పుకున్నానని?"

"అవును."

నీల్లస్ ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూస్తున్నట్టు నిలబడ్డాడు.

"మాకొద్దు ఆ జింకలు," అంది రీస్తెన్ తొందరగా. "పిల్లలూ వద్దు, పెద్దవీ వద్దు. నీ దగ్గరే ఉంచుకో."

"అలా కుదరదు," అన్నాడు ఇస్సాత్. "చెవి ఎవరిదో జింక వాళ్ళది. మీరు వద్దంటే అవి ఎవరివీ కావు. ఎవరివీ కానివాటిని జట్టు శరదృతువులో మాంసానికి కోసేస్తుంది. నేను కొత్తగా పెట్టింది కాదు ఇది."

"అన్నీనా?" అంది రావ్నా.

"అన్నీ."

ఒక్క కట్టె కూలి నిప్పురవ్వలు లేచాయి. పాప వాటిని చూసి నవ్వింది.

"తీసుకోండి," అన్నాడు నీల్లస్. "మంచివి. తెల్లమూతిది చలికాలం కాస్త ముందు నడుస్తుంది, దాన్ని చూసుకోండి. మిగతావి దాని వెనకే వస్తాయి."

వంగి, పాప చేతిలోంచి జారిన మాంసం ముక్క తీసి, తుడిచి మళ్ళీ చేతికిచ్చాడు. తర్వాత బండి వైపు వెళ్ళాడు. రావ్నా వెనకే పరిగెత్తింది.

"అన్నయ్యా, ఇంటికి రా. ఇవాళ్టికి మా దగ్గర పడుకో."

"నువ్వు చెప్పలేదు," అన్నాడు బండి ఎక్కుతూ. "చెబుతానన్నావు, చెప్పలేదు."

అది మెచ్చుకోవడమో, నిష్ఠూరమో. బండి కదిలింది. ఎగువ లోయకి వెళ్ళే దారి ఎడమకి, మా ఇంటి దారి కుడికి. అతను ఆ రెండు వైపులా తిరగలేదు. తిన్నగా పడవల రేవు వైపు పోయాడు. బీరెత్ ఊరికి వెళ్ళే పడవ ఆ రేవు నుంచే కదులుతుంది. కానీ ఆ రోజుకి ఆఖరి పడవ అప్పటికే వెళ్ళిపోయింది. ఆ సంగతి ఈ ఒడ్డున పుట్టిన వాడికి నాకన్నా బాగా తెలుసు.

రావ్నా దారి మధ్యలో నిలబడి ఉంది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

ఆ రోజు వచ్చింది ఇదీ. మాహ్తెకి జట్టులో తన చోటు దక్కింది. రీస్తెన్‌కి పోయిన పేరు తిరిగొచ్చింది. నడక నేర్చుకుంటున్న పాపకి, అడగకుండానే, మంద దక్కింది. నా భార్య ఒక నిజాన్ని కనిపెట్టి చెప్పలేకపోయింది. నా బావ చెప్పలేని పేరు చెప్పగలిగాడు. ఇవన్నీ రాబడి కిందికే వస్తాయి.

మిగిలిన ఒక్కటీ రాబడి కింద వెయ్యాలో నష్టం కింద వెయ్యాలో తెలియలేదు. రేవు వైపు పోయిన బండి చప్పుడు వంపు దాకా వినబడి, అక్కడ ఆగిపోయింది.